డాక్టరమ్మకు కోచింగు

హైదరాబాదు,
14-7-1997

అవ్వకు ఎస్తేరు వందనాలు.

నేను బాగున్నాను. డ్యూటీకి పోతూ పోతూ నిలబడి రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు. సర్జరీలో రెండో సంవత్సరం మొదలైంది. మొన్నటి శనివారం నుంచి కోచింగ్‌కు వెళ్తున్నాను. ఆపరేషన్లు నేర్చుకునే ఆడ డాక్టర్లకు మాత్రమే. సుమిత్ర మేడం అని మా దగ్గర పెద్ద సర్జన్, ఆమె పెట్టారు. నాకు అవసరమనిపించి చేరాను. కంగారుపడకు. వివరంగా మళ్లీ రాస్తాను.

నీ బిడ్డ,
ఎస్తేరు

తా.క. కార్డు మీద చోటు అయిపోయింది.


ఎడపల్లి,
21-7-1997

నా కడుపున పుట్టిన డాక్టరమ్మ ఎస్తేరుకు అవ్వ జ్ఞానమ్మ దీవెనలు. ఇక్కడ అందరం దేవుని దయతో ఉన్నం. నీ కార్డు వచ్చేదాక మంచిగనే ఉంటిమి.

బిడ్డా, ఎన్నిసార్లు చెప్పిన, కార్డు మీద రాయకని? పోస్టుమాన్ పోశయ్య కార్డును సంచిలకెల్లి తీసి ఇంటికి తెచ్చేలోపల చాయ్ హోటల్ కాడ చదివిండు, పంచాయితి ఆఫీసు కాడ చదివిండు, ఆఖరికి నా చేతుల పెట్టి, "సూడు జ్ఞానమ్మా, నీ బిడ్డకు కోచింగంట. ఫికర్ జెయ్యకు, ఈసారి పాసైతది" అన్నడు.

పొద్దుగూకక ముందే ఆంధ్ర కెల్లి వచ్చిన చెరుకు తోటలోళ్ల నాగకుమారి వచ్చింది. ఆమె కొడుకు ఎంసెట్ కోచింగ్‌కు గుంటూరు పోయి మూడేండ్లాయె, నీకు తెలిసిందే కద. నా చెయ్యి పట్టుకొని, "బాధపడకండి జ్ఞానమ్మగారూ, మావాడు కూడా అలవాటు పడిపోయాడు" అన్నది. నువ్వు, ఆ పిలగాడు ఒక్క తీరేనా? పదోతరగతిల జిల్లా మొత్తానికి రెండో నంబర్ వచ్చిన పిల్లవు!

నిజం చెప్పు. ఫెయిలైనవా? నేను మిషన్ దవాఖానల ముప్పై ఏండ్లు ఆపరేషన్ థియేటర్ ఆయాగ చేసిన. ఎంతమంది సర్జన్లకు గౌను ముడులు కట్టిన్నో లెక్క లేదు. కోపంల కత్తెర్లు విసిరేటోళ్లను చూసిన, కూనిరాగం తీసుకుంట కుట్లేసేటోళ్లను చూసిన. కాని సర్జనయినంక కోచింగ్‌కు పోయినోన్ని ఒక్కన్ని చూడలే. ఆడోళ్లకు మాత్రమే అని రాసినవు. అంటే మొగోళ్లందరు పాసయి, మీరే మిగిలిన్రా?

ఆదివారం గుడిల పాస్టర్ దేవదాస్ అయ్యగారు నీ పేరు ప్రార్థన లిస్టుల ఎక్కించిండు. నేను చెప్పలే. పోశయ్య చెప్పిండట. పోశయ్య మన గుడికి రానే రాడు!

ఇట్లు,
ఫికరుతోని మీ అవ్వ

తా.క. అయ్యగారు నీ పేరును మోకాళ్ల నొప్పులోళ్లకు, బర్రె తప్పిపోయినోళ్లకు నడుమల చదివిండు. బర్రె దొరికింది. నువ్వు ఇంక లిస్టులనే ఉన్నవు.


హైదరాబాదు,
29-7-1997

ప్రేమగల అవ్వకు నీ ఎస్తేరు వందనాలు. చూశావా, ఈసారి ఇన్‌లాండ్ కవరు, నాలుగు వైపులా జిగురు పెట్టాను.

నేను ఫెయిల్ కాలేదు. ముందు ఈ మాట అయ్యగారికి చెప్పు, పోశయ్యకు రెండుసార్లు చెప్పు.

ఇది మార్కుల కోచింగ్ కాదు. ఎట్లా చెప్పాలో తెలియక మొదటిసారి దాటవేశాను. ఇప్పుడు విడమరిచి రాస్తాను. ఇక్కడ సర్జరీ నేర్చుకునేవాళ్లం యాభై మందికి పైనే ఉంటాం. అందులో ఆడవాళ్లం ఆరుగురం. మగవాళ్లకు డ్యూటీ గది ఉంది, మంచాలున్నాయి. మాకు లేదు. ముప్పై గంటలు నిలబడ్డాక కాసేపు నడుం వాల్చాలంటే దుప్పట్లు పెట్టే గదిలో బెంచీయే దిక్కు. మా చీఫ్ సార్ చెడ్డవారు కాదు, చేతులు బంగారం. కానీ రోజుకు ఒక్కసారైనా, "కాన్పుల వార్డుకు పోకుండా నీకీ కష్టమెందుకమ్మా?" అంటారు. రోగుల బంధువులు నన్ను చూసి, "సిస్టర్, డాక్టర్ ఎప్పుడొస్తడు?" అంటారు. ఒకరోజు ఆ దుప్పట్ల గదిలో కూర్చుని ఏడ్చాను. సుమిత్ర మేడం దుప్పటి కోసం వచ్చి చూశారు. మరుసటి శనివారం మా ఆరుగురినీ తన గదికి పిలిచారు.

మేడం కొన్నేళ్లు ఇంగ్లండులో పనిచేశారు. అక్కడ ఇట్లాంటిది నేర్చుకున్నారట. వారానికి ఒక గంట. పాఠం ఉండదు, పుస్తకం ఉండదు. మేడం అడుగుతారు, మేం చెప్తాం. "ఈ వారం నీకు బరువుగా తోచినదేమిటి?" అంటారు. "దాన్ని నువ్వేం చేద్దామనుకుంటున్నావు?" అంటారు. ఇట్లా చెయ్యి, అట్లా చెయ్యి అని ఒక్క సలహా ఇవ్వరు. చెప్తూ చెప్తూ ఉంటే మనకే తోస్తుంది. ఇది మనసు బాగుండటానికి, అవ్వా. అంతే.

నీ బిడ్డ,
ఎస్తేరు

తా.క. ప్రార్థన లిస్టులోంచి నా పేరు తీయించు. నాతో పనిచేసే ఒక డాక్టర్‌ది మన జిల్లాలోని జక్రాన్‌పల్లి. వాళ్లింట్లో కూడా నేను తప్పానని అనుకుంటున్నారు.


ఎడపల్లి,
9-8-1997

ప్రాణసమానమైన బిడ్డకు అవ్వ ముద్దులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. ఫెయిల్ కాలేదన్నవు, సంతోషం. కాని మనసు బాగుండటానికి అన్నవు. బిడ్డా, మనసుకు ఏమైంది?

నేను ఎవ్వలికి చెప్పలే. అయ్యగారి భార్య శారమ్మకు మాత్రం చెప్పిన. ఆమె ఎవ్వలికి చెప్పనన్నది. శుక్రవారం నాడు నలభైమంది ఉపవాస ప్రార్థనకు వచ్చిన్రు. ఇప్పుడు నిన్ను మోకాళ్ల నొప్పుల కాడికెల్లి తీసి పెద్ద లిస్టుల పెట్టిన్రు. నాగకుమారి మల్ల వచ్చింది. "మావాడు నయమండీ, ఫెయిలైనా నిద్ర మాత్రం బాగా పోతాడు" అని, తల చల్లబడాలని బాదం నూనె సీస ఇచ్చింది. పార్సల్ జేసిన. వారానికి రెండుసార్లు మాడుకు పెట్టుకో.

ఇగ ఆ మేడం సంగతి. ఆమె అన్ని అడుగుతదంట, ఒక్కటి చెప్పదంట. బిడ్డా, ఆమెకు జవాబులు తెలుస్తయా? నేను చూసిన సర్జన్లు ఎవ్వలిని ఏం అడగలే. దేవుడే వచ్చి పక్కకు నిలబడితే, "జర లైటు ఇటు తిప్పు" అనేటోళ్లు. సర్జనయి ఉండి, పిల్లలను పట్టుకొని నువ్వేం చేద్దామనుకుంటున్నవని అడిగితే, ఇంగ్లండోళ్లు ఆమెను ఎందుకు వాపసు పంపిన్రో నాకు సమజైతున్నది.

నవ్వుకోకు. ఒక్క మాట నాకు నిద్ర పట్టనిస్తలేదు. దుప్పట్ల గదిల కూసోని ఏడ్చినవా? ఎవ్వలు ఏడిపించిన్రు? నీ బాపు పోయిననాడు పన్నెండేండ్ల పిల్లవు. నేను ఏడుస్తుంటె నా కొంగుతోని నా కండ్లు తుడిచినవు, నువ్వు ఏడువలే. గట్లాంటి పిల్ల ఒక్కతే కూసోని ఏడ్చిందంటే నా పానం ఎట్లుంటది?

ఇట్లు,
ఉపవాసం ఉండి రాస్తున్న నీ అవ్వ

తా.క. పోశయ్య సంచిల నూనె సీస మూత ఊడిందంట. ఇయ్యాల ఊరంత ఉత్తరాలు బాదం వాసన కొడుతున్నయి. కరెంటు బిల్లు గూడ.


హైదరాబాదు,
23-8-1997

అవ్వకు ఎస్తేరు అనేక వందనాలు.

నూనె చేరింది. అంటే సీసా చేరింది. చుట్టిన కాగితంలో మిగిలిన నూనె ఆరుగురం రాసుకున్నాం. సుమిత్ర మేడం కూడా కాస్త అడిగి తీసుకున్నారు.

నిన్ను బాధపెట్టకూడదని దాచిన సంగతి ఇప్పుడు చెప్తాను. జూన్‌లో నా చేతికింద ఒక మనిషి పోయాడు. పేగుకు రంధ్రం పడి, నాలుగు రోజులు ఊళ్లోనే ఉండి, ఆలస్యంగా తెచ్చారు. ఎవరు చేసినా బతికేవాడు కాదని తర్వాత అందరూ అన్నారు. కానీ ఆ రోజు చీఫ్ సార్ అందరి ముందర, "నీ చేతులు వణికినయి" అన్నారు. వణికాయో లేదో నాకు గుర్తు లేదు. ఆ తర్వాత మాత్రం నిజంగానే వణకడం మొదలుపెట్టాయి. సర్జరీ మానేస్తానని అర్జీ రాసుకుని సంచిలో పెట్టుకుని తిరిగాను.

మొన్న శనివారం దాన్ని మేడం ముందు పెట్టాను. ఇయ్యమనలేదు, చింపమనలేదు. "ఆపరేషన్ చేస్తూ ఉండగా, ఇందుకే కదా నేను పుట్టింది అని నీకు అనిపించిన నిమిషం ఒక్కటి చెప్పు" అన్నారు. ఒక్కటి చెప్పబోయి తొమ్మిది చెప్పాను. గంట దాటిపోయింది. అర్జీ ఇంకా సంచిలోనే ఉంది, కానీ ఇప్పుడు దాని మీద చపాతీల డబ్బా పెడుతున్నాను.

ఇంకో మంచి మాట. ఒకరి కష్టం ఒకరికి తెలిశాక ఆరుగురం కలిసి పోయి సూపరింటెండెంటుగారిని అడిగాం. మాకు గది ఇచ్చారు! రెండు మంచాలు, లోపలి నుంచి గడియ.

ఆదివారం మేడం తన ఇంటికి భోజనానికి పిలిచారు. మేడం వాళ్ల తమ్ముడు ఉన్నారు. నేను చేప ముళ్లు తీయడం చూసి, "ఈ అమ్మాయి చేతులు చూడు అక్కా, ఎంత నేర్పు!" అన్నారు. మేడం, "ఐదేళ్ల తర్వాత నిన్ను నువ్వు ఎక్కడ చూసుకుంటున్నావు ఎస్తేరూ?" అని అడిగారు. ఆలోచించుకుని చెప్తానన్నాను.

నీ బిడ్డ,
ఎస్తేరు

తా.క. ఏ చేతులనైతే వణుకుతున్నాయన్నారో వాటినే ఒకరు మెచ్చుకుంటే ఎంత బాగుందో!


ఎడపల్లి,
6-9-1997

బిడ్డ ఎస్తేరుకు అవ్వ రాసేది. ఇది తొందర ఉత్తరం.

చచ్చిపోయిన మనిషి సంగతి చదివి పొద్దంత కూసున్న. దాని గురించి ఎదురుంగ కూసోని మాట్లాడుదం.

ఇగ మిగిలింది. బిడ్డా, నువ్వు డాక్టర్ చదివినవు గాని నీకు లోకం తెల్వది. నాకు మొత్తం సమజైంది. ఆమెకు ఒక తమ్ముడున్నడు. ఆరుగురు పిల్లలను, పెండ్లి గానోళ్లను, డాక్టర్లను, శనివారం శనివారం పిలిచి కూసోబెట్టి నీకేం కావాలె, నీకు బరువు ఏంది అని అడుగుతది. ఇంటికి పిలిచి చేపలు పెడుతది. తమ్ముడు చేతులు చూస్తడు. ఐదేండ్లకు ఎక్కడుంటవని అడుగుతది. దీన్ని మన కాడ కోచింగ్ అనరు. పిల్లను చూసుడు అంటరు!

పైంగ అర్జీ! ఇయ్యమనలేదు, చింపమనలేదన్నవు. ఎందుకు చింపమంటది? కోడలు ఆపరేషన్లు బందు జేసి ఇంట్ల ఉండాలని అర్జీ అట్లనే ఉంచింది. నేను ముప్పై ఏండ్లు రక్తం గుడ్డలు ఉతికి నిన్ను సర్జన్ని చేసింది ఒకాయనకు చేప ముండ్లు తీసి పెట్టెతందుకా?

ఆ ఇంటోళ్లు మనోళ్లా, కారా, గుడికి పోతరా అని అయ్యగారు అడుగుతున్నడు. నాకు గది గాదు ముఖ్యం. నువ్వు కత్తి పట్టుకొని నిలబడాలె. ఆమెతోని ఏం మాట్లాడాలెనో ఐదు పేజీలు రాసి పెట్టుకున్న. వస్తున్న.

ఇట్లు,
మీ అవ్వ జ్ఞానమ్మ

తా.క. పిలగాడు ఎంత పొడుగుంటడు? ఊరికెనే అడుగుతున్న.


హైదరాబాదు,
15-9-1997

అవ్వా, ఎస్తేరు వందనాలు. దయచేసి రాకు!

మేడం తమ్ముడు బ్రహ్మానందంగారికి యాభై నాలుగేళ్లు. పెళ్లయింది. ముగ్గురు ఆడపిల్లలు, పెద్దామెకు మొన్ననే కొడుకు పుట్టాడు. ఆయన గడియారాలు బాగుచేస్తారు. అందుకే చేతులు చూశారు. ఈ సంగతి ఒక్కటి ముందే రాసి ఉంటే నీ ఐదు పేజీలు మిగిలేవి.

మేడం అడిగినదానికి జవాబు దొరికింది. ఐదేళ్ల తర్వాత మన నిజామాబాద్‌లో ఉండాలనుకుంటున్నాను. పేగు పగిలినవాడిని నాలుగు రోజులు కాదు, నాలుగు గంటల్లో టేబుల్ మీదికి తెచ్చేట్టు. మేడంకు అదే చెప్పాను. "అక్కడికి చేరాలంటే ఈ వారం ఏం చేయాలి?" అన్నారు. నాకు తెలుసు ఏం చేయాలో. తెలిసే ఇన్నాళ్లు తప్పించుకున్నాను.

ఈ పొద్దున నేరుగా చీఫ్ సార్ ముందు నిలబడి, "సార్, పేగు కోసి కలిపే కేసు నాకు ఇవ్వండి. మొత్తం నేనే చేస్తాను. మీరు ఎదురుగా ఉండండి" అన్నాను. సార్ బోర్డు దగ్గరికి పోయి గురువారం కింద నా పేరు రాశారు. భయంగా ఉంది. కానీ ఇది వేరే భయం.

కాబట్టి గురువారం దాకా రాకు. నువ్వు వచ్చావని తెలిస్తే చేతులు వణుకుతాయి.

నీ బిడ్డ,
ఎస్తేరు

తా.క. బ్రహ్మానందంగారు పొట్టి.


ఎడపల్లి,
22-9-1997

నా బంగారు బిడ్డ, డాక్టర్ ఎస్తేరుకు, అవ్వ జ్ఞానమ్మ గుండె నిండ దీవెనలు.

నీ ఉత్తరం శనివారం నాడు అందింది. నేను గురువారమే వచ్చి పోయిన.

కోపం చెయ్యకు. జర ఆఖరిదాక చదువు. బోధన్ కెల్లి మొదటి బస్సు పట్టుకొని పదకొండు గంటలకు మీ దవాఖానల దిగిన. సుమిత్ర మేడం ఏడ అంటే, థియేటర్ల ఉన్నదన్నరు. తొవ్వ అడగలే. స్పిరిట్ వాసన వెంబడి కాళ్లే తీసుకపోయినయి. అక్కడ ఒక సిస్టర్ నా తెల్లచీర చూసి, "ఇప్పుడా వచ్చుడు? ఆయా కోసం పొద్దటి నుంచి చూస్తున్న. తొందరగ గౌను ఏసుకో" అన్నది. నేను ఆయాను కాదమ్మా అందామనుకున్న. నోరు తెరిచేలోపల చేతులు టోపి కట్టుకున్నయి, మాస్కు కట్టుకున్నయి. ముప్పై ఏండ్ల అలవాటు, ఏం జేస్తం? ట్రేలు కడుగుడు మొదలుపెట్టిన.

అక్కడ తలుపుకు గుండ్రటి అద్దముంది. లోపటికి చూసిన. పచ్చ గౌన్లల నలుగురు. అందరి మొఖాలకు మాస్కులే. కాని బిడ్డా, నాకు మొఖాలతోని పనిలేదు. రోగికి కుడిపక్కన ఎవ్వలు నిలబడితె వాళ్లే సర్జన్. ఎడమపక్కన నిలబడేటోళ్లు సాయం. ఎడమపక్కన తెల్ల కనుబొమ్మల పెద్దాయన ఒకాయన కడుపు తెరిచి పట్టుకొని నిలబడ్డడు. కుడిపక్కన కింద చెక్కపీట ఏసుకొని పొట్టిమనిషి. ఆ నిలబడ్డ తీరు చూసి, ఈ పిల్ల ఎవ్వలో అనుకున్న. చెయ్యి చాపితె, సిస్టర్ దారం పెట్టింది. ముడి ఏసినవు, చిన్నప్పటి నుంచి నువ్వు ఏసే తీరే. అప్పుడు గుర్తువట్టిన.

ఆ పెద్దాయన, "ఇప్పుడేం చేస్తవమ్మా?" అని అడిగిండు. నువ్వు తల ఎత్తకుంటనే చెప్పినవు. అర్థం కాలే, ఇంగ్లీషు. కాని చేతులు చూసిన. ఆ చేతులల్ల ఇంతంత వణుకు లేదు, ఎస్తేరూ. ముప్పై ఏండ్లు ఎంతమంది చేతులు చూసిన్నో. మంచివి చూసిన, గొప్పవి చూసిన. నా కడుపుల పుట్టిన చేతులు అక్కడ చూస్తనని అనుకోలే. నా మాస్కు తడిసి ముద్దయింది. తడిసిన మాస్కు మార్చాలని ఎంతమందికి చెప్పిన్నో, నేను మార్చుకోలే. అక్కడికెల్లి కదిలితె కద?

ఇగ నా కొట్లాట. పక్క థియేటర్లకెల్లి సుమిత్ర మేడం బయటికి వచ్చింది. ఆ గదిల కుర్చీల కూలబడ్డది. టోపి గూడ తియ్యలే. ఆమె చేసిన ఆపరేషన్ల ఒక తల్లి టేబుల్ మీదనే పోయిందని సిస్టర్ మెల్లగ చెప్పింది. నా ఐదు పేజీలు జాకెట్లనే ఉన్నయి. చాయ్ చేసి తీసుకపోయిన. అక్కడ పెట్టి పో అన్నది. పోలే. ముక్కాలిపీట జరుపుకొని కూసున్న.

ఆమె టోపి తీసి, "నీకేం కావాలమ్మా?" అన్నది. చూసినవా, అక్కడ గూడ అడుగుడే!

"నాకేం వద్దు. నువ్వు చెప్పు" అన్న.

అరగంట చెప్పింది. ఏం చెప్పిందో నీకు చెప్ప. అది ఆమె మాట. నేను ఒక్క సలహా ఇయ్యలే, అట్ల ఇయ్యొద్దని నువ్వు రాసినవు కద. చాయ్ చల్లారితె మల్ల ఎచ్చబెట్టి ఇచ్చిన. ఆఖరికి కండ్లు తుడుచుకొని, "కొత్తగ వచ్చినవా? పేరేంది?" అని అడిగింది. "జ్ఞానమ్మ. ఎస్తేరు అవ్వను. నీతోని కొట్లాడుదామని వచ్చిన" అన్న. ఆమె నవ్వుడు మొదలుపెడితె ఆగలే. నన్ను పట్టుకొని నవ్వింది, ఏడ్చింది, రెండు కలిపి.

ఇదంత ఎక్కడ నేర్చుకున్నవని అడిగింది. నేర్చుకునుడేంది? టేబుల్ మీద మనిషి పోయిననాడు డాక్టర్ ఒక్కడే గదిల కూసుంటడు. అందరు తప్పించుకొని పోతరు. నేను చాయ్ ఇచ్చి పక్కకు కూసునేదాన్ని. కత్తెర్లు విసిరేటోడు గూడ ఆ దినం చిన్నపిల్లగాడే. ఇంతే, దానికొక పేరుంటదని నాకేం తెలుసు? మేడం అన్నది కద, "జ్ఞానమ్మగారూ, ఆ ఆరుగురికి నేనున్న. నాకే ఎవరూ లేరు."

బిడ్డా, అందుకని సంగతేందంటే, కోచింగ్‌ల చేరింది మీ మేడం. నా కాడ. నెలకొక ఉత్తరం ఆమె రాస్తది, నెలకొక ఉత్తరం నేను రాస్త. నెలకొకసారి ఎడపల్లికి వస్తనన్నది. ఇంగ్లండుల నేర్చుకున్నామెకు ఎడపల్లిల మిగిలింది చెప్పాలె.

నీకు కనబడకుంట మధ్యాహ్నం బస్సుకే వచ్చిన. నువ్వు బయటికి వచ్చినప్పుడు చీఫ్ సార్ నీ భుజం తట్టి ఏదో అన్నడు. నువ్వు నవ్వినవు. ఆ నవ్వుల నేను రావద్దనిపించింది. అది నీది. నువ్వు సంపాయించుకున్నది.

నిన్న గుడిల నేనే లేచి నిలబడ్డ. "అయ్యగారూ, నా బిడ్డ పేరు అక్కరల లిస్టులకెల్లి తీసి కృతజ్ఞతల లిస్టుల రాయిండ్రి. కుడిపక్కన నిలబడ్డది" అన్న. ఎవ్వలకు సమజు కాలే. అందరు ఆమెన్ అన్నరు.

ఇట్లు,
సర్జన్ ఎస్తేరు అవ్వ,
జ్ఞానమ్మ

తా.క. ఆ సిస్టర్ నా పని చూసి మస్తు ఖుషీ అయింది. పోయేటప్పుడు పేరు అడిగితె చెప్పిన. బోర్డు మీద తెల్లారి నుంచి నాకు పొద్దటి డ్యూటీ రాసింది. నాలుగు దినాలు రాలేదని ఇప్పటికే గరం మీద ఉంటది. నువ్వు పోయి జర సర్దిచెప్పు. ఆయా లీవుల ఉన్నదను, రాదు అని మాత్రం చెప్పకు.